విత్తనం కాయ

నిన్న మనవరాలి కుట్టుపెట్టెలో ఎర్ర దారపు ఉండ చూశాను. 1958లో నాకు తొమ్మిదేళ్ళు. వినుకొండలో మా పెరటి సొరపాదుకు ఆ ఏడు మూడే కాయలు పట్టాయి. రెండు వండుకున్నాక, మూడోదాని తొడిమకు అమ్మ ఎర్ర దారం చుట్టింది. దిష్టికి కట్టిందనుకున్నాను.

ఆదివారం నాన్నతో పనిచేసే టీచర్లు నలుగురు భోజనానికి వస్తున్నారు. శనివారం బల్లగుడ్డ మీద గులాబీ కుడుతుంటే ఒక్క రేకు మిగిలి ఉండగా దారం అయిపోయింది. కాయకున్న దారం విప్పి ఆ రేకు కుట్టేశాను.

మర్నాడు మేము చర్చి నుంచి వచ్చేసరికి, పెదనాన్న ఇంటి నుంచి వంటకు సాయం వచ్చిన పెద్దమ్మ ఆ కాయను తరిగేసింది.

"అక్కా, అది విత్తనానికి వదిలింది! మా అమ్మ పోయేముందు ఇచ్చిన విత్తు!"

"గుర్తు కట్టకపోతే నాకేమన్నా కలొచ్చిద్దా ఏంది?"

అమ్మ బల్లగుడ్డ వంక చూసింది. అతిథులు ఆ కూర అడిగి మరీ వడ్డించుకున్నారు.

సాయంత్రం అమ్మ తరుగులోంచి ఏరిన పదకొండు తెల్లటి గింజలు పాతి, "రోజూ నీళ్ళు పొయ్యి" అంది.

"మొలుస్తాయా అమ్మా?"

"పొయ్యవే."

లేత గింజ మొలవదని నాకు పెద్దయ్యాక తెలిసింది. అమ్మకు అప్పుడే తెలుసు. నలభై రోజులు పోసి మానేశాను. మర్నాడు చూస్తే అమ్మ పోస్తోంది.