చంద్రకాంతలో లేచిపోయినది

మా అత్తయ్యకూ పక్కింటి పిన్నిగారికీ ఒక పువ్వు దగ్గర మాటలు పోయాయి.

తెనాలిలో మా పెరటి గోడ వారగా ఓ చంద్రకాంత చెట్టు ఉంది. దాని విత్తనాలు అత్తయ్య బాపట్లలోని పుట్టింటి నుంచి తెచ్చుకుంది. పుట్టింటిది కాబట్టి ఆ చెట్టు దగ్గర మేమంతా కాస్త ఒద్దికగానే ఉంటాం. ఎప్పుడూ పసుపు పూలే పూసేది. ఈసారి వానలు పడ్డాక ఆ పసుపు మీద ఎర్రటి చుక్కలు, చారలు మొదలయ్యాయి. ఒక పువ్వయితే సగం పసుపు, సగం ఎరుపు.

అంతకు కొద్దిరోజుల ముందే పిన్నిగారు, పాకడం నేర్చిన మనవరాలికి దిష్టి తీసి ఆ ఎర్రనీళ్ళు గోడ మీంచి మావైపు పారబోశారు. పసుపులో సున్నం కలిపితే ఎర్రనీళ్ళవుతాయని మా ఇళ్ళలో అందరికీ తెలుసు. ఇక అత్తయ్యకు సందేహమేముంటుంది? పసుపు పువ్వు మీద సున్నం పడింది, ఎర్రబడింది. పైగా అవి దిష్టి నీళ్ళాయె.

"నీ మనవరాలి దిష్టంతా నా పుట్టింటి చెట్టుకి అంటగట్టావు కదా వదినా!" అంది.

"నీళ్ళు పోస్తేనే రంగు మారేట్టయితే నీ జుట్టుక్కూడా ఓ చెంబు పోస్తానుండు" అన్నారు పిన్నిగారు.

అత్తయ్య జుట్టుకు రంగేసుకునే సంగతి వీధి వీధంతా తెలుసు. పైకి మాత్రం ఎవరూ అనరు. పిన్నిగారు అనేశారు. అంతే, మాటలు బంద్.

చంద్రకాంతలు సాయంత్రం విచ్చుకుంటాయి. ఆ వేళకు వాళ్ళిద్దరూ చెట్టు దగ్గర కూర్చుని కాఫీ తాగడం నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను. అత్తయ్యది కుర్చీ, పిన్నిగారిది నీలం స్టూలు. గొడవయ్యాక కూడా అత్తయ్య అలవాటు కొద్దీ రెండు గ్లాసులు కలిపేది. నేను రేపల్లె కాలేజీలో పాఠాలు చెప్పి, పాసింజర్లో నిలబడి వచ్చేసరికి ఆ రెండో గ్లాసు నా చేతికొచ్చేది. గ్లాసుతోపాటు స్టూలూ, స్టూలుతోపాటు పిన్నిగారి వాటా కబుర్లూ నాకే. బాపట్లలో ఎవరి పెళ్ళిలో పప్పు మాడిందో నాకిప్పుడు కంఠతా వచ్చు. చెబుతున్నంతసేపూ అత్తయ్య నావైపు చూసేది కాదు, గోడవైపు చూసేది. అవతల గిన్నె చప్పుడైతే సగం మాటలో ఆగిపోయేది. నాకు ఒళ్ళు మండేది, జాలీ వేసేది. ఆవిడకున్న స్నేహమల్లా ఆ ఒక్కటే.

నేను వృక్షశాస్త్రం చెబుతాను. సరిగ్గా ఆ రోజుల్లోనే క్లాసులో గెంతే జన్యువుల పాఠం నడుస్తోంది. చంద్రకాంత చారల రహస్యం కూడా అదే. చదువుకున్న చదువు ఇంట్లో ఒక్కసారైనా పనికొస్తుందని తెగ సంబరపడ్డాను. ఆ సాయంత్రం కాఫీ తాగుతూ మొదలుపెట్టాను. అత్తయ్యకు ఓ చెవి సరిగా వినపడదు కాబట్టి క్లాసు గొంతుతోనే చెప్పాను.

"ఎర్రరంగు తయారుచేసే జన్యువు ఒకటి ఉంటుందండీ. దాని మధ్యలో ఎక్కడినుంచో ఓ ముక్క వచ్చి కూర్చుంది. అది కూర్చున్నంతకాలం ఎరుపు తయారవదు, పువ్వు పసుపుగానే ఉంటుంది."

"అడిగేవాళ్ళు లేరా?"

"చెట్టు దాన్ని కదలకుండా కట్టిపడేస్తుందండీ. ఎప్పుడో పట్టు సడలుతుంది. అప్పుడు అది లేచిపోతుంది. లేచిపోయినచోట మళ్ళీ ఎరుపొస్తుంది. మొగ్గ చిన్నగా ఉన్నప్పుడే లేచిపోతే పెద్ద చార, ఆలస్యంగా లేచిపోతే చిన్న చుక్క."

"ఏంటీ, మనింట్లోంచి లేచిపోయిందా?"

"అవునండీ! లేచిపోయి ఇంకోచోట చేరింది!"

గోడ మీద పిన్నిగారి తల కనిపించింది.

"ఎవరు వదినా? ఎవరమ్మాయి?"

ఇన్నాళ్ళ తర్వాత ఆవిడ నోట వచ్చిన మొదటి మాట. ఎడమొహం పెడమొహంగా ఉన్నామన్న సంగతి అత్తయ్యకు ఆ క్షణాన గుర్తులేదు.

"అమ్మాయి కాదు వదినా, మన చంద్రకాంతలో!"

పిన్నిగారికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థమయ్యేదాకా ఆగే మనిషీ కాదు. చుట్టూ తిరిగి, గేటు తీసుకుని వచ్చేశారు. అత్తయ్య నాకంటే బాగా చెప్పింది. "ఓ ముక్క ఎక్కడినుంచో వచ్చి కూర్చుంటుందట. ఎవర్నీ పని చేసుకోనివ్వదట. చెట్టు దాన్ని కట్టేస్తుందట."

"కట్టేస్తే పడుంటుందా?" అడిగారు పిన్నిగారు.

"చాలావరకు పడుంటాయండీ" అన్నాను. "మన ఒంట్లోనూ ఇలాంటివి బోలెడు. వచ్చి చేరిన కొన్ని, పక్క జన్యువులకు ఎప్పుడు పనిచెయ్యాలో చెప్పే స్థాయికి వచ్చాయి. బిడ్డకి కడుపులో మాయ కట్టడానికి కావలసిన ఒక జన్యువు కూడా ఎప్పుడో బయటినుంచి వచ్చి దూరిందేనండీ. ఇప్పుడు అది లేకపోతే పని జరగదు."

అత్తయ్య నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"అంటే కోడలన్నమాట."

ఇద్దరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

నవ్వు సద్దుమణిగాక పిన్నిగారు సగం ఎర్రబడిన పువ్వును వేలితో తాకారు. "అయితే నా ఎర్రనీళ్ళ వల్ల కాదన్నమాట" అన్నారు, గొంతు తగ్గించి.

"కాదండీ" అన్నాను గట్టిగా.

"ఏమో, ఎవరు చూశారు?" అంది అత్తయ్య. అంత తేలిగ్గా ఒప్పుకుంటే ఆవిడ బాపట్ల ఆడపడుచెలా అవుతుంది? "నీళ్ళు తగిలే లేచిపోయిందేమో. ఎలా పోయినా పువ్వు మటుకు బానే ఉందిలే వదినా. పసుపూ కుంకుమాలాగ."

"ఈసారి విత్తనాలు నాకూ ఇవ్వు మరి."

"నీకివ్వకపోతే ఎవరికిస్తాను?" అంది అత్తయ్య. వెంటనే నావైపు తిరిగింది. నా చేతిలో గ్లాసు ఉంది. ఇంకా సగం కాఫీ ఉంది.

"నువ్వు కాస్త లేమ్మా. అది వదిన స్టూలు."

లేచాను.