వంకర వరసల బొంత

జగ్గయ్యపేటలో మా ఇంటి ముందుగదిలో నేను బొంతలు కుట్టి అమ్ముతుంటాను. కావలసినవాళ్ళు తమ ఇంట్లో ఉన్న పాత నూలు చీరలు తెచ్చిస్తారు. నాలుగు చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, అంచు నుంచి అంచుకు వరసలుగా చేత్తో కుడితే బొంత. ఒకప్పుడు దుప్పటి కొనుక్కోలేనివాళ్ళు కప్పుకునేది. ఇప్పుడు వాట్సాప్‌లో ఫొటో పెడితే కార్లున్నవాళ్ళు అడుగుతున్నారు. ఎందుకని నేను అడగలేదు.

పని నేర్పింది మా అత్తయ్య. "వరస చివర రెండు ముళ్ళెయ్యి. ఒక్కటేస్తే ఉతుకుల్లో ఊడిపోద్ది" అని నా పెళ్ళయిన కొత్తలోనే చెప్పింది. నేను ఒక్కటే వేస్తాను. ఇంతవరకూ ఏదీ ఊడలేదు. ఆ సంగతి ఆమెతో అనేంత ధైర్యం నాకు లేదు.

రెండేళ్ళ కిందట అత్తయ్యకు చూపు బాగా తగ్గింది. ఇంతకంటే రాదని డాక్టరు చెప్పేశాడు. ఆమె అది తనకు కాదన్నట్టు, పొద్దున్నే కాఫీ తాగి చాప మీద కూర్చుని, "సూదుల్లో దారం ఎక్కించావా?" అంటుంది. ఆరు సూదులకు ఎక్కించి పెడతాను. మధ్యాహ్నానికి ఆరూ ఖాళీ చేస్తుంది. వరసలు మాత్రం మా పక్కన పారే మునేరులా ఎటు బుద్ధి పుడితే అటు పోతాయి.

కుట్టడం మానేయమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మామయ్య చనిపోయిన నెలలోనే మళ్ళీ సూది పట్టుకున్న మనిషి. ఇక అదీ లేకపోతే రోజంతా ఏం చేస్తుంది? నా వంటకు వంకలు పెడుతుంది. అందుకని ప్రతి శుక్రవారం ఆమె చర్చిలో ఉపవాస ప్రార్థనకు వెళ్ళగానే, మరీ మెలికలు తిరిగిన వరసలు బ్లేడుతో విప్పి, తిన్నగా మళ్ళీ కుట్టేదాన్ని. ఆమె అక్కడ ప్రార్థన చేస్తుంటే నేనిక్కడ మోసం చేసేదాన్ని.

ఒక శుక్రవారం పాస్టరుగారికి జ్వరం, ప్రార్థన లేదన్నారు. అత్తయ్య చాప మీంచి కదల్లేదు. నందిగామలో ఒక టీచరుగారు అడిగిన బొంత ఆ రోజే పంపాలి. వాళ్ళమ్మాయి పురుటికి వచ్చి ఉంది. బయట ఆటో అతను హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. చేసేదేం లేక, అత్తయ్య కుట్టింది కుట్టినట్టే సంచిలో పెట్టి పంపించేశాను.

మూడోరోజు టీచరుగారు ఫోన్ చేశారు. తిట్లు తినడానికి సిద్ధపడే ఎత్తాను.

"ఏమండీ, మా చెల్లెలికి ఇదివరకు మీరిచ్చిన బొంత మిషన్ కుట్టేమోనని నాకు అనుమానంగానే ఉందండి. ఇది చూస్తే చేత్తో కుట్టారని తెలిసిపోతుంది. ఇలాంటివే ఇంకో రెండు కావాలి."

నా తిన్నటి కుట్టుకు దక్కిన మర్యాద అది. ఒళ్ళు మండింది. అయినా లోపలికెళ్ళి, ఆమె కుట్టు నందిగామలో నచ్చిందట, ఇంకో రెండు అడుగుతున్నారని అత్తయ్యకు చెప్పాను.

"అయితే ఇంక విప్పవుగా" అంది.

ఎప్పుడు తెలిసిందని అడిగాను.

"మొదట్లోనే. శనివారం పొద్దున తడిమితే, నే కుట్టిన వరస చివర ఒక్క ముడే ఉంది."

"మరి నన్ను అడగలేదేం అత్తయ్యా?"

"అడిగితే, ఎటూ బయటపడిందిగా అని సూది తీసేసుకుంటావేమోనని."

రెండేళ్ళపాటు ప్రతి శనివారం ఆ ఒక్క ముడి చేత్తో తడిమి, ఏమీ అనకుండా పక్క వరస మొదలుపెట్టింది. నాకు సిగ్గేసింది. ఏడుపొచ్చింది. ఎలాగూ ఆమెకు కనపడదని చప్పుడు కాకుండా ఏడ్చాను.

"చాల్లే. దారం ఎక్కించు" అంది.

ఆరు సూదులకూ ఎక్కించి, దారాల చివర రెండేసి ముళ్ళు వేసి, ఆమె చేతికిచ్చాను. ఆమె ఒక్కో ముడీ తడిమి చూసుకుంది.