మూడు చుక్కల మౌనం

ఉప్పల్‌లో ఓ ఫంక్షన్ హాలు నిండా జనం చూస్తుండగా ఒక లాప్‌టాప్ నా పరువును దండెం మీద ఆరేసిన వైనం చెబుతాను. టీ గ్లాసు పక్కన పెట్టి చదవండి, పొలమారితే నా పూచీ లేదు. అప్పటికే నేను నాచారంలో పైథాన్ అనే కంప్యూటర్ భాష మొత్తం ఔపోసన పట్టినవాణ్ణి. సరే, మొత్తం కాదు. రెండు క్లాసులు. రెండోదాంట్లో కునుకు తీశాను.

ఆ రోజు మా ఆవిడ అన్న నరసింహ బావ రిటైర్మెంట్ సభ. అంతకుముందు ఒక పెళ్లిలో నాతో మాటా మాటా పెరిగి ఆయన మా గడప తొక్కడం మానేశాడు.

"ఇయ్యాలన్న నోరు అదుపుల పెట్టుకోండ్రి. మల్ల జారిందా, నాకు పుట్టిల్లు లేనట్టే" అంది మా ఆవిడ.

నోటితో ప్రమాదమని, బావ ఎప్పుడూ అనే మాటను కంప్యూటర్ చేత తెర మీద పలికిద్దామనుకున్నాను: "మా అమ్మ 'ముందు తిను, తర్వాత కొట్లాడు' అంటుండె."

మాటలో మాట, కొటేషన్‌లో కొటేషన్. నేను రెండింటికీ ఒకే గుర్తు కొట్టాను. లోపలిది కనపడగానే వాక్యం అయిపోయిందనుకుని యంత్రం తప్పు తప్పని మొత్తుకుంది. బావ కూతురు కవితను పిలిచాను.

"బయట మూడేసి కొటేషన్లు పెట్టు మామా. లోపల ఏదన్నా రాస్కో, అదేమనదు" అనేసి వెళ్లిపోయింది.

మొదట్లో మూడు పెట్టి బావ మాట మళ్లీ కొట్టాను. చివర్లో కూడా పెట్టాలని ఎవరికి తెలుసు? ఎంటర్ కొడితే మూడు చుక్కలు. మళ్లీ కొడితే మళ్లీ చుక్కలే. ఆలోచిస్తోంది కాబోలు! "జర పలుకమ్మా" అని కొట్టాను. చుక్కలు. ఇంత ఓపిగ్గా వినే ప్రాణి పెళ్లయ్యాక నాకు తగల్లేదు. వేదిక మీద బావ ఉపన్యాసం సాగుతోంది. నా వేళ్లు వాటంతటవే కదిలాయి: "ఈయన ముచ్చట ఒడిసేసరికి బిర్యానీ సల్లారి గడ్డకడ్తది. జుట్టుకేసిన రంగు ముచ్చట్లకు గూడ ఏస్తుండు."

కవిత పరుగున వచ్చి తెర వైరు తగిలించింది. "అయ్యో మామా, మూయనే లేదు!" అంటూ, చదవకుండానే చివరి కొటేషన్లు మూసి ఎంటర్ నొక్కింది.

నేను వాగిందంతా తెర మీద రెండుసార్లు పడింది. ఒకసారి నేను కొట్టింది, ఇంకోసారి అది అప్పజెప్పింది!

బావ కళ్లజోడు పెట్టుకుని మైకులో మొత్తం చదివాడు. "గీ కవి ఎవ్వలు?"

"మిషన్ బావా! దానికి బుద్ధి లేదు."

"దానికున్నది. చెప్పింది చెప్పినట్టు ఒప్పజెప్పింది." మా ఆవిడ ముఖం పాలిపోయింది. బావ తెర వైపు మళ్లీ చూశాడు. "మొదలు మా అమ్మ మాటనే రాసినవ్ గద. పా, ముందు తిందాం. కొట్లాటకు రేపు మీ ఇంటికే వస్త."

నిజంగానే వచ్చాడు. పొద్దుగూకేదాకా తిట్టాడు, మా ఆవిడ టీలు అందించింది.

ఆనాడే ఉప్పల్ చౌరస్తా సాక్షిగా ఒట్టేశాను: ఎదుటివారు పలక్కుండా వింటున్నారు కదా అని ఇక నోరు పారేసుకోను.

ఇదంతా ఇప్పుడే మా ఆవిడకు చదివి వినిపించాను. ఏమీ అనలేదు. మూడు చుక్కలు.