మధ్యాహ్నపు లెక్కతో నింపిన గ్యాసు

మా అత్తమ్మ నాతో నేరుగా మాట్లాడదు. కోపం కాదు, పద్ధతి. పెండ్లయి ఇన్నేండ్లయినా నా ముందు కొంగు సర్దుకుని, నాకు చెప్పాల్సిందంతా బిడ్డకే చెప్తుంది. నేను పక్క కుర్చీలోనే ఉన్నా "మీ ఇంటాయన తిన్నడా అడుగు" అంటుంది. మా ఆవిడ నన్ను అడగదు. తిన్నానని నేను ఆవిడకే చెప్తాను, అత్తమ్మ వింటుంది. ఇద్దరితో అయ్యే పనికి ముగ్గురం కష్టపడతాం. లెక్క ప్రకారం ఇది దండగే. కానీ అత్తా అల్లుళ్ళం ఇప్పటిదాకా ఒక్క మాట కూడా అనుకోలేదు కాబట్టి లాభమనే రాసుకోవాలి.

ఆమెకు రెండు కండ్లలోనూ పొరలొచ్చాయి. గద్వాల దగ్గర పల్లెలో ఉంటుంది. ఎదురుగా వచ్చేది బర్రెనో మనిషినో పోల్చుకోలేని దాకా వచ్చినా ఆపరేషన్ అంటే వద్దనేది. చివరికి ఈ ఎండాకాలం, నాగర్‌కర్నూల్‌లో మా ఇంట్లో ఉండి, ఇక్కడి కంటి దవాఖానలో ఒక కన్ను చేయించుకోవడానికి ఒప్పుకుంది. ఆ కన్ను బాగా కుదిరింది. కుదిరాక మొదట చూసింది మా వంటింటి పైకప్పు మూలలోని బూజును. ఆ సంగతి కూడా బిడ్డకే చెప్పింది.

అల్లుని ఇంట్లో వారానికి మించి ఉండటం ఆమెకు నామోషీ. పోతానంది. డాక్టరేమో కంట్లో దుమ్ము పడొద్దు, చెమట కారొద్దు అన్నాడు. రెండో కన్ను మాట ఎత్తితే, గోడ వైపు తిరిగి బిడ్డతో అన్నది ఇది.

"దుమ్ము, చెమట లేకుంట నన్ను ఇంట్ల దించమను. దించితె రెండోది గూడ చేపిచ్చుకుంట. లేకుంటె నాకు ఒక్కటే సాలు."

దుమ్ము వద్దంటే కారు అద్దాలు ఎక్కించాలి. అద్దాలు ఎక్కిస్తే, మా దిక్కు ఎండలకు, ఏసీ లేని కారు ఇడ్లీ పాత్ర. నా కారు ఏసీ పోయిన ఏడాది నుంచే ఉత్త గాలి ఊదుతోంది. అంటే ఒక మనిషి రెండో కన్ను నా కారు ఏసీకి వేలాడుతోంది.

నాకు పైపుల దుకాణం ఉంది. చదువు పదో తరగతితో ఆగింది కానీ లెక్క ఆగలేదు. కోడేరు నుంచి, కల్వకుర్తి నుంచి రైతులు వచ్చి, బోరు ఇంత లోతు, చేను ఇంత ఎత్తు, ఎంత పైపు వేయాలి అని అడుగుతారు. అట్టముక్క మీద గుణించి చెప్తాను. నీళ్ళు చివరి మొక్క దాకా పోతాయి. ప్రెషర్ అన్న మాట వింటే నాకు సొంత చుట్టం పేరు విన్నట్టు ఉంటుంది.

అందుకే ఏసీ గ్యాసు ఇంట్లోనే నింపుకునే డబ్బా దొరుకుతుందని తెలియగానే తెప్పించాను. చిన్న డబ్బా, దానికో పైపు, పైపుకో మీటరు. ఈ సంగతి గద్వాలలోని బామ్మర్దికి ఫోన్‌లో చెప్పాను, అదే తప్పయింది. వనపర్తిలో ఏసీ దుకాణం ఉంది, అక్కడ చూపించమన్నాడు. ఎందుకు, చూసుకుంటానన్నాను.

"బావా, గిది డ్రిప్పు పైపు గాదు, మా అమ్మ కన్ను," అన్నాడు.

బామ్మర్ది అంత మాట అన్నాక ఏ బావ అయినా దుకాణానికి పోతాడా? నేను పోలేదు.

డబ్బాతో పాటు ఒక అట్ట వచ్చింది. ఎడమ వైపు ఎండ ఎంత ఉందో డిగ్రీలు, కుడి వైపు మీటరు ముల్లు ఎక్కడ ఉండాలో. ఎండ పెరిగిన కొద్దీ ముల్లు పైకి. ఇట్లాంటి పట్టిక చూస్తే నాకు ఆకలి వేయదు. దాన్ని చదివి చదివి నోటికి వచ్చేసింది.

మా వ్యాపారంలో ఒక ధర్మం ఉంది. పైపులు తెల్లవారుజాము చల్లకు వేస్తాం, కానీ లెక్క మాత్రం నడిపొద్దు ఎండకు కడతాం. పొద్దున బిగుతుగా కలిపిన పైపు మధ్యాహ్నం సాగి విల్లులా వంగుతుంది. అందుకని ఎప్పుడూ పాడు సమయానికే లెక్క. ఈ ధర్మం తప్పి ఇంతవరకు నేను ఒక్క కీలు కూడా అతికించలేదు.

ప్రయాణం శనివారం. ఆ రోజు రాహుకాలం తొమ్మిది నుంచి పదిన్నర. అది దాటాక అత్తమ్మ తినాలి, తిన్నాక వక్క నమలాలి, అంటే బయల్దేరేసరికి పదకొండు దాటుతుంది. రోడ్డు మీద నలభై రెండు డిగ్రీలు ఖాయం. ఇక నేను శనివారం కోడికూతకు లేచి, ఇంకా చల్లగా ఉండగానే బానెట్ ఎత్తి, ఇంజన్ ఆడించి, పైపు తగిలించి, అట్టలో నలభై రెండు డిగ్రీల వరుస చూసి, ముల్లు అక్కడికి వచ్చేదాకా గ్యాసు నింపాను. ఆ సమయానికి బయట ఇరవై ఏడు డిగ్రీలు. ఆ వరుస కూడా అట్టలో ఉంది. దాని వైపు చూడనైనా చూడలేదు. ఇరవై ఏడు డిగ్రీల్లో ప్రయాణం చేసేదెవరు?

లోపల గాలి వచ్చే జాలీ దగ్గర థర్మామీటరు పెట్టాను. ఎనిమిది డిగ్రీలు. మా ఆవిడను పిలిచి చెయ్యి పెట్టమన్నాను. పెట్టి, స్వెటర్ తెచ్చుకోనా అని అడిగింది. ఆ ఎనిమిది డిగ్రీల ఫొటో తీసి బామ్మర్దికి పంపాను. జవాబు రాలేదు. ఓడిపోయినవాళ్ళు జవాబు ఇవ్వరని మా ఆవిడకు చెప్పాను.

అనుకున్నట్టే పదకొండు దాటాక బయల్దేరాం. వెనక సీట్లో అత్తమ్మ నల్లద్దాలు పెట్టుకుని పెద్ద ఆఫీసరులా కూర్చుంది. పక్కన మా ఆవిడ. అద్దాలు నాలుగూ ఎక్కించాం. దుక్కులు దున్నే ట్రాక్టర్ల వెనక ఎర్రదుమ్ము మబ్బులా లేస్తోంది, మా దాకా రావడం లేదు. సల్లగ ఉందే అని అత్తమ్మ బిడ్డతో అంది. అల్లునికి ఇంతకంటే బిరుదు ఏం కావాలి?

గోపాల్‌పేటలో గడ్డి ట్రాక్టరు అడ్డమొచ్చి కారు నెమ్మదించింది. ముందు నుంచి టక్ మని చిన్న చప్పుడు. గాలి వస్తోంది, చల్లదనం లేదు. ఊరు దాటి వేగం అందుకున్నాక కాసేపు మళ్ళీ చల్లబడింది. తర్వాత మళ్ళీ టక్. అట్లా దోబూచులాడుతూ వనపర్తి చేరేసరికి పూర్తిగా మానేసింది. అత్తమ్మ నుదురు మీద చెమట మొదలైంది. మా ఆవిడ ఒక చేత్తో తుడుస్తూ ఇంకో చేత్తో విసురుతూ, అద్దంలో నుంచి నా వైపు చూసింది. ఆ చూపుకు అనువాదం అక్కర్లేదు. బామ్మర్ది చెప్పిన దుకాణం ముందే ఆపాను.

ఏసీలు బాగుచేసే ఆ దుకాణంలో ఏసీ లేదు, కూలర్ ఉంది. దాని తుంపర కంట్లో పడొద్దని అత్తమ్మ కుర్చీని గోడ వైపు తిప్పి వేశారు. నాకు వీపు పెట్టి కూర్చోవడం ఆమెకూ అనుకూలమే.

మెకానిక్ అన్నం డబ్బా మూసి వచ్చాడు. నా వయసువాడే. బానెట్ ఎత్తి, చెవి దగ్గర పెట్టి విన్నాడు, పైపును వేలితో తట్టాడు. పక్కన గోడకు మీటర్లు వేలాడుతున్నాయి, వాటిని ముట్టలేదు.

"కంప్రెసర్ పోయింది సార్. మీటరు ఎందుకు, నేను చెవితోనే చెప్త," అన్నాడు. కొత్తది మహబూబ్‌నగర్ నుంచి రావాలంట, రేపు మాపటికి అవుతుందంట.

కుర్చీ గోడతో మాట్లాడింది.

"బస్టాండు ఎంత దూరమో అడుగు బిడ్డా. బస్సుల పోదాం, కిటికి పక్కన కూసుంట. ఆ దుమ్ముకు చేపిచ్చిన కన్ను పోతె పాయె, పుట్టుకతోని వచ్చింది ఇంకోటున్నది. దానికి మాత్రం ఎవ్వలు చెయ్యి పెట్టొద్దని చెప్పు."

మా ఆవిడ చెప్పలేదు. అక్కర్లేదు కూడా.

దుకాణం మెట్టు మీద కూర్చుని ఆలోచించాను. కంప్రెసర్ పోతే పోయినట్టే ఉండాలి కదా. పొద్దున చల్లకు పని చేసింది. రోడ్డు మీద గాలి తగిలినప్పుడు పని చేసింది. ఎండలో నెమ్మదిస్తే ఆగింది. చచ్చినవాడు చల్లగాలికి లేచి కూర్చోడు. ఇది చావు కాదు, అలక. దేనికి అలక? అప్పుడు నా అట్ట మళ్ళీ కండ్ల ముందు నిలబడింది. ఎడమ వైపున్న డిగ్రీలు ప్రయాణం చేసేటప్పటివి కావు, నింపేటప్పటివి. ఎండ పెరిగితే గ్యాసు దానంతట అదే ఉబ్బి ముల్లును పైకి తోస్తుంది. ఆ ఉబ్బు కూడా నేనే తెల్లవారుజామున నింపేశాను. దాని మీద అసలు ఎండ వచ్చి పడింది. లోపల ఒత్తిడి హద్దు దాటగానే, పేలకుండా ఏసీ తనంతట తాను ఆగిపోతోంది.

మెకానిక్ తప్పు అని రుజువు చేయగలను. కానీ దానికి ముందు నేను తప్పు అని రుజువు చేయాలి, అదీ అత్తమ్మ వింటుండగా. రెండు పక్కలా తూచి చూశాను. ఒక పక్క నా లెక్క పరువు, ఇంకో పక్క ఒక కన్ను.

"కంప్రెసర్ మంచిగనే ఉంది," అన్నాను. "నేనే గ్యాస్ ఎక్కువ నింపిన."

గోడ వైపు నుంచి ప్రశ్న వచ్చింది. "ఏమంటుండే?"

"నడిపొద్దు ఎండకు లెక్కగట్టి తెల్లారగట్ల నింపిండంట," అంది మా ఆవిడ.

అత్తమ్మ కొంగు సర్దుకుంది. "పగటికి తినేది గూడ పొద్దుగాలనే తింటె కడుపుబ్బదా మరి," అంది.

అట్ట ఇచ్చినవాళ్ళు ఈ ఒక్క ముక్క దాని మీద అచ్చు వేసి ఉంటే నేను వనపర్తిలో ఆగేవాణ్ణి కాదు.

మెకానిక్ నవ్వి, అయిష్టంగానే మీటర్లు దించి తగిలించాడు. ముల్లు ఎర్ర గీత దాటి నిలబడింది. అది చూశాక అతని చెవి గర్వం కొంచెం తగ్గింది, నా తల కొంచెం వంగింది. అప్పటి నుంచి ఇద్దరం దోస్తులం. ఉన్న గ్యాసంతా ఖాళీ సిలిండర్‌లోకి లాగాడు. ఒక పైపు కీలు దగ్గర నూనె మరక ఉంటే, గ్యాసు ఏడాదిగా పోయేది ఇక్కడి నుంచే అని చూపించి, రబ్బరు రింగు మార్చాడు. నా డబ్బాతో ఆ రంధ్రం ఎన్నేండ్లకైనా కనిపించేది కాదు. మోటారు పెట్టి అరగంట సేపు లోపలి గాలీ తేమా పీల్చేశాడు. తర్వాత బానెట్ లోపలి చీటీ చదివి, సిలిండర్‌ను కాటా మీద పెట్టి, అందులో రాసినన్ని గ్రాములే నింపాడు. ఆ బానెట్ నేను ఎన్నిసార్లో ఎత్తాను, ఆ చీటీ ఒక్కసారీ చదవలేదు. సంచి ఉబ్బు చూసి బియ్యం కొనేవాడు మా ఊళ్ళో ఒక్కడూ లేడు. గ్యాసును మాత్రం నేను అట్లాగే కొన్నాను. ఇంట్లో నా డబ్బాకైన ఖర్చు, ఈ దుకాణంలో అయిన ఖర్చు పక్కపక్కన పెట్టి చూపించేవాణ్ణే, కానీ ఇది మా ఆవిడ చదువుతుంది.

మళ్ళీ బయల్దేరాం. పెబ్బేరు, బీచుపల్లి, ఎర్రవల్లి. ఎక్కడ నెమ్మదించినా టక్ మనలేదు. కృష్ణ వంతెన మీద లారీల వెనక పాకినా లోపల చల్లగానే ఉంది. అత్తమ్మ నిద్రపోయింది. గురక మాత్రం ఆమె ఎవరి ద్వారానూ పంపదు, నేరుగా నాకే వినపడింది.

పల్లెలో అత్తమ్మ ఇంటి ముందు ఆగేసరికి బామ్మర్ది గద్వాల నుంచి వచ్చి గడప దగ్గర ఉన్నాడు. ఎనిమిది డిగ్రీలు ఎట్లున్నాయి బావా అని అడిగాడు. ఆలస్యం ఎందుకైందో అప్పటికే అక్క ఫోన్‌లో చెప్పేసిందని ఆ మొహం చూస్తే తెలిసింది. అత్తమ్మ దిగి, నల్లద్దాల కింద వేలు పెట్టకుండా చెంప మాత్రం తడుముకుంది. పొడిగా ఉంది. కొడుకును జరుగమని, బిడ్డను దగ్గరికి పిలిచింది. కారు తాళం వేస్తున్నట్టు నటిస్తూ నేను అక్కడే నిలబడ్డాను.

"దుమ్ము పడలె. చెమట జర పట్టింది గని కంట్ల పోలె," అంది. "రెండోది చేపిచ్చుకుంట అని చెప్పు. గని గిప్పుడు గాదు, పుష్యమాసంల. సలికాలం అద్దాలు మూసుకుంటె సాలు, ఏసీ అక్కరుండదు. మీ ఇంటాయనకు లెక్కలు జేసే తిప్పలుండదు."

పుష్యమాసంలో వాళ్ళ దిక్కు పల్లికాయ పీకుతారు. ఆ దుమ్ము దుక్కి దుమ్ము కంటే సన్నగా ఉంటుంది, తలుపు మూసినా సందుల్లోంచి వస్తుంది. ఎంత సన్నగా ఉంటుందో నాకు తెలుసు. చెప్పబోయాను. మా ఆవిడ చెప్పుకాలు నా పాదం మీద పడింది, తీయలేదు.

సరేనని చెప్పు అన్నాను, ఆవిడతోనే.