వెనక్కి రా, డీజిల్

హార్లన్ లిండ్‌క్విస్ట్ తన బతుకులో చాలా భాగం దేనికో ఒకదానికి వెనకాలే నిలబడి గడిపాడు. మిన్నెసోటాలో ఉన్నన్నాళ్లూ మాంసం కొట్టు బల్ల వెనక నిలబడ్డాడు. రిటైరయ్యాక పెళ్లాం తోలే ఆర్వీ వెనక నిలబడ్డాడు. ఆర్వీ అంటే మంచం, పొయ్యి, కక్కసు అన్నీ కడుపులో పెట్టుకుని తిరిగే బస్సంత బండి. దాన్ని తోలేది ఆర్డిత్. తోలక ఏం చేస్తుంది, ఉద్యోగం చేసినంతకాలం స్కూలు బస్సు తోలిన మనిషాయె! అద్దంలోంచి ఆమె ఒక్క చూపు చూస్తే వెనక సీట్లో జుట్లు పట్టుకుంటున్న పిల్లలు టక్కున చర్చిలో కూర్చున్నట్టు కూర్చునేవాళ్లు. అలాంటి మనిషిని పట్టుకుని హార్లన్ స్టీరింగు అడుగుతాడా? అడగలేదు. ఆమె బండిని రివర్సు చేసేటప్పుడు కిందకి దిగి, వెనక్కెళ్లి, చేతులు ఊపడం ఒక్కటే ఆయన పని.

ఆ పని చిన్నదని ఎవరూ అనుకోకండి. రెండు చేతులూ తన వైపుకి ఊపితే వెనక్కి రా. ఒక చెయ్యి చాపితే అటు తిప్పు. నెత్తి మీద రెండు చేతులూ కత్తెరలా పెడితే ఆగు, కదిలావంటే చచ్చామే. ఈ చేతుల భాష దగ్గరే ఎన్నో కాపురాలు కూలబోయి ఆగాయి. కొయోటీ ఫ్లాట్స్‌లో సాయంత్రం వినోదం కూడా అదే. అరిజోనా ఎడారిలో రిటైరైన వాళ్ల పార్కు అది. చలికాలం మొదలవగానే పైరాష్ట్రాల నుంచీ కెనడా నుంచీ బండ్లు దిగుతాయి. ఉన్నవాళ్లంతా మడతకుర్చీలు వేసుకుని, చల్లటి బీరు పట్టుకుని, వచ్చినవాళ్లు రివర్సు చేస్తూ తిట్టుకోవడం చూస్తారు.

అలా పదేళ్లకు పైగా తిరిగాక, న్యూమెక్సికోలో ఒక పెట్రోలు బంకు దగ్గర అడ్డంగా పాతిన పసుపుపచ్చ ఇనపస్తంభాన్ని ఆర్డిత్ చూడలేదు. బండి పక్క మొత్తం చీరుకుపోయింది. హార్లన్ చేతులు కత్తెర వేసే ఉన్నాడు. ఆమెకి ఆయనే కనబడలేదు, ఇంక కత్తెరేం కనబడుతుంది? ఇక బండి తోలొద్దని కళ్ల డాక్టరు మెత్తగా చెప్పాడు. ఆమె మెత్తగా వినలేదు గానీ, విన్నది. ఆ నెలలోనే బండిని ఒక కుర్రజంటకి అమ్మేసింది. తాళాలు ఇచ్చేటప్పుడు కళ్లు చెమర్చలేదు. "రెండో గేరులో మూలుగుతుంది, పట్టించుకోవద్దు. నా మొగుడూ అంతే," అంది.

తర్వాత ఇద్దరూ కొయోటీ ఫ్లాట్స్‌లోనే కదలని చిన్న ఇల్లు ఒకటి తీసుకున్నారు. కదలని ఇల్లు తీసుకోగానే ఆర్డిత్ కూడా కదలడం మానేసింది. కిటికీ దగ్గర వాలుకుర్చీలో కూర్చుని, ఎప్పటికీ వెళ్లని ఊళ్ల వాతావరణం టీవీలో చూసేది. "మోంటానాలో మంచు పడుతోంది," అనేది.

"మనకేం?" అనేవాడు హార్లన్.

"ఏమీ లేదు. పడుతోందని చెప్తున్నా. ఆమాత్రం చెప్పకూడదా?"

శనివారం పాన్‌కేకుల ఫలహారానికి రమ్మంటే మోకాలు నొప్పన్నది. బింగోకి రమ్మంటే ముసలాళ్ల ఆట అన్నది. ఇంటి చెప్పులు విప్పి బూట్లు తొడుక్కోవడమే మానేసింది. వీధి వైపు అసలు వెళ్లేదే కాదు. వీధిలో ఎవరో ఒకరు రివర్సు చేస్తూనే ఉంటారు కదా.

హార్లన్ పెద్దగా మాట్లాడే రకం కాదు. కానీ మాంసం కొట్టేవాడికి ఒక గుణం ఉంటుంది. ఎముక ఎక్కడుందో తెలిసేదాకా కత్తి ఎత్తడు, తెలిశాక దించడు. ఒకరోజు పొద్దున్న చిన్న కారు తీసుకుని ఊళ్లోకి వెళ్లాడు. ఖర్జూరాలు తెస్తానన్నాడు. కుక్కపిల్లతో వచ్చాడు.

తెల్లటి పిల్ల. వీపు మీద బూడిదరంగు మచ్చలు, ఒక కన్ను నీలం, ఒక కన్ను గోధుమ. వదిలేసిన కుక్కల్ని పెట్టే షెడ్డులో అమ్మాయి ముందే చెప్పింది: "దీనికి వినబడదు సార్. అందుకే ఎవరూ తీసుకోవట్లేదు."

"మా ఇంట్లో దానికి అదే మంచిది," అన్నాడు హార్లన్.

ఆర్డిత్ దాన్ని చూసి, ఆయన్ని చూసి, మళ్లీ దాన్ని చూసింది.

"ఖర్జూరాలేవయ్యా?"

"దొరకలేదు."

"ఖర్జూరాలు దొరకని చోట కుక్కలు దొరికాయా! ఈ వయసులో ఇదెందుకు? పేరేంటి?"

"డీజిల్ అనుకుంటున్నా."

"చెవిటిదానికి పేరొకటి!" అంటూనే ఆమె కుర్చీలోంచి వంగి దాని చెవి వెనక గోకింది. అది ఆమె ఇంటి చెప్పు ఒకటి నోట కరుచుకుని తలుపు సందులోంచి తుర్రుమంది.

హార్లన్ వెనకాల పరుగెత్తాడు. తుంటి నెప్పి మనిషి పరుగు ఎలా ఉంటుందో అలాగే ఉంది. కుక్క వీధి మధ్యకి వెళ్లి నిలబడింది. అరిస్తే వినబడదు, పట్టుకుందామంటే అందదు. ఏం చెయ్యాలో తోచక ఆయన చేతులు వాటంతట అవే లేచాయి. రెండూ తన వైపుకి. రా, రా, రా.

కుక్క తల వంచి ఆ చేతులనే చూసింది. తర్వాత చెప్పుతో సహా నడుచుకుంటూ వచ్చేసింది. కాళ్ల దగ్గరికి రాగానే హార్లన్ నెత్తి మీద కత్తెర వేశాడు. ఎందుకు వేశాడో ఆయనకీ తెలియదు, అలవాటు. కుక్క కూర్చుంది.

కిటికీలోంచి కేక వచ్చింది. "ఆ ఎడం చెయ్యి ఇంకా అలాగే వంకరగా ఊపుతున్నావు! ఆ వంకర చెయ్యి వల్లే ఇడాహోలో చెత్తకుండీ గుద్దాను!"

"చెత్తకుండీని గుద్దింది నువ్వు."

"ఊపింది నువ్వు!"

ఆ మధ్యాహ్నం ఆర్డిత్ బూట్లు తొడుక్కుంది. మిగిలిన చెప్పునైనా కాపాడుకుందామని అంది. కానీ పెరట్లోకి వచ్చి, హార్లన్ చేతులు సరిచేస్తూ, కుక్కకి వేయించిన పంది మాంసం ముక్కలు విసురుతూ చీకటి పడేదాకా ఉంది. లోపలికొచ్చాక టీవీ పెట్టలేదు. హార్లన్ అది గమనించాడు, గమనించినట్టు కనబడలేదు. కుక్క ఈ ఇంట్లోంచి కదలడానికి వీల్లేదని మాత్రం ఆ పూటే నిశ్చయించుకున్నాడు.

ఆ సంగతి లవాన్ టటిల్ నిశ్చయించాల్సి ఉంది. పార్కు కుక్కల కమిటీకి లవాన్ పెద్ద. గోల్ఫు బండిలో వీధివీధీ తిరుగుతుంది, ముందర జెండా, పక్కన విజిల్. చెవిటి కుక్క అనగానే విజిల్ నోట్లో పెట్టుకుంది.

"రూలు తెలుసుగా హార్లన్. వీధిలో కమిటీ ముందు వదిలేస్తాం. యజమాని పిలవగానే రావాలి. రాకపోతే పార్కులో ఉండదు."

"వస్తుంది."

"చెవిటిదెలా వస్తుందయ్యా?"

"చూద్దువుగాని."

"చూడు, నాకు కుక్కలంటే కోపం లేదు. క్రితం చలికాలం పిలిచినా రాని కుక్క ఒకటి కాళ్లకి అడ్డం పడే నా తుంటి విరిగింది. ఇనుప తుంటితో తిరుగుతున్నా. నీకైనా, నీ పెళ్లానికైనా ఆ గతి పట్టకూడదనే ఈ గోలంతా."

హార్లన్ తలూపాడు. న్యాయమే కదా.

పరీక్ష శనివారం, పాన్‌కేకులయ్యాక. పార్కంతా కుర్చీలు వేసుకుంది. ఆర్డిత్ కూడా వచ్చి ముందు వరసలో కూర్చుంది. వీధికి ఈ చివర హార్లన్, ఆ చివర లవాన్ చేతుల్లో డీజిల్. లవాన్ వదిలింది. హార్లన్ చేతులు ఎత్తాడు. డీజిల్ చెవులు రెండూ జెండాల్లా ఎగురుతుంటే పరుగు అందుకుంది. "రా నాన్నా, రా!" అని వెనక వరసవాళ్లు అరిచారు. వినబడదని తెలిసి కూడా అరిచారు.

సగం దూరం వచ్చింది. సరిగ్గా అప్పుడే పక్క సందులో కెనడా వాళ్లు దిగారు. నార్బర్ట్ ట్రక్కు వెనక పొడుగాటి ట్రెయిలరు తగిలించుకుని రివర్సు చేస్తున్నాడు. వాళ్లావిడ ఇవెట్ వెనక నిలబడి రెండు చేతులూ ఊపుతోంది. రా, రా, రా.

డీజిల్ ఆగి అటు చూసింది. హార్లన్ చేతుల కన్నా ఆ చేతులు దగ్గర. ఎడమ చెయ్యి వంకర కూడా లేదు. అటు మళ్లింది.

ఆరోజు జరిగిన పొరపాటు ఇంకే ఊళ్లోనూ జరగదు. కుక్క చెప్పిన మాట వింటోంది. ఎవరి మాట వినాలో ఒక్కటే దానికి తెలియదు. ట్రెయిలరు వెనక్కొచ్చే దారిలో, చక్రాలకి ఎదురుగా వచ్చి, ఇవెట్ చేతులు చూస్తూ నిలబడింది. ఇవెట్‌కి అది కనబడేసరికి కెవ్వుమంది. పో, పో అని చేతులు విదిలించింది. ఆ భాష డీజిల్‌కి ఎవరూ నేర్పలేదు. ఇంకో అడుగు ముందుకేసింది. నార్బర్ట్ కిటికీలు బిగించి, పాటలు పెట్టుకుని, నింపాదిగా వెనక్కి వస్తున్నాడు.

జనం లేచారు. అరిచారు. ఒకాయన పాన్‌కేకు పళ్లెం విసిరాడు. హార్లన్ కుక్క వైపు పరుగెత్తలేదు. అందుకోలేడని తెలుసు. అద్దంలో నీకు డ్రైవరు మొహం కనబడకపోతే డ్రైవరుకి నువ్వు కనబడవు. పదేళ్లుగా ఆయన నేర్చింది అదొక్కటే. నార్బర్ట్ ఎడమ అద్దం ఎటు తిరిగి ఉందో చూశాడు. దానికి ఎదురుగా ఉన్నది నాగజెముడు పొద. నిక్కరు తొడుక్కుని ఉన్నాడు. అయినా పొదలోకే దిగాడు. అద్దంలో నార్బర్ట్ గడ్డం కనబడగానే నెత్తి మీద రెండు చేతులూ కత్తెర వేశాడు.

ట్రక్కు కీచుమని ఆగింది. చక్రానికి ఎదురుగా డీజిల్ కూడా ఆ కత్తెర చూసి బుద్ధిగా కూర్చుంది.

తర్వాత లవాన్ గోల్ఫు బండిలో వచ్చింది. మొహం తెల్లబడి ఉంది. "ప్రాణం పోయిందనుకున్నా," అంది. "కానీ హార్లన్, పరీక్ష తప్పింది. నీ దగ్గరికి రాలేదుగా."

"రాలేదు," అన్నాడు హార్లన్. కాళ్ల నిండా ముళ్లతో నిలబడి అబద్ధం ఎలా ఆడతాడు?

అప్పుడు ఆర్డిత్ లేచింది. "లవాన్! స్కూలు బస్సు లైసెన్సు నాకు మొదటిసారి రాలేదు. రెండోసారి ఇచ్చారు. ఆ తర్వాత ఒక్క పిల్లాడికి గీత కూడా పడలేదు. వచ్చే శనివారం దీన్ని మళ్లీ వదులు."

"అప్పుడు మాత్రం ఏం మారుతుంది?"

"అది నా తలనొప్పి. నువ్వు పాన్‌కేకులు తిను."

ఇంట్లో చిన్న పట్టకారు పట్టుకుని హార్లన్ కాళ్ల ముళ్లు లాగుతూ ఆర్డిత్ ఆలోచించింది. చేతులు ఊపే ఏ సైగైనా ఈ పార్కులో ఎవరో ఒకరి పెళ్లాం వాడుతూనే ఉంటుంది. టోపీ ఊపడం పనికిరాదు, అందరూ టోపీలే. జేబురుమాలు ఊపితే ఎవరికో వీడ్కోలు. "ఎవ్వరూ చెయ్యనిది కావాలి," అంది. "సిగ్గున్నవాళ్లు చెయ్యనిది."

"అబ్బా, మెల్లిగా! ఉదాహరణకి?"

ఆమె పట్టకారు కింద పెట్టింది. రెండు మోచేతులూ డొక్కలకి ఆనించి, కోడిపెట్ట రెక్కలు కొట్టుకున్నట్టు కొట్టుకుంది. కాలితో నేల కూడా గోకింది. గడప దగ్గర పడుకున్న డీజిల్ లేచి కళ్లు విప్పార్చి చూసింది.

హార్లన్ కూడా లేచి ప్రయత్నించాడు. తుంటి ఒప్పుకోలేదు. పైగా ఎడమ రెక్క వంకర.

"నువ్వొద్దు," అంది ఆర్డిత్. "నువ్వు చేస్తే కోడి కాదు, కోడికి పక్షవాతం. నేనే నిలబడతా."

"వీధిలోనా? అందరి ముందరా?"

"మరి వంటింట్లోనా పరీక్ష!"

ఆ వారమంతా పొద్దున ఫలహారం దగ్గర్నుంచీ ఆమె కోడి, డీజిల్ కోడిపిల్ల. ఈసారి వెనక నిలబడి తప్పులు పట్టింది హార్లన్. "మోచేతులు ఇంకా పైకి. మెల్లిగా కొట్టు, దానికి అర్థం కావాలి." "నాకే చెప్తావా?" అనేది, మోచేతులు పైకెత్తేది. కుక్క వచ్చి కాళ్ల దగ్గర కూర్చునేదాకా ఆపేది కాదు. కిటికీ పక్క వాలుకుర్చీలో ఎవరూ కూర్చోలేదు. మాంసం ముక్కలన్నీ అయిపోతే జున్ను ముక్కలతో కొనసాగింది.

శనివారం జనం రెట్టింపయ్యారు. లవాన్ తెలివైనది. ఈసారి వీధికి అవతలి పక్కన ఇవెట్‌ని నిలబెట్టి, ట్రక్కు లేకుండానే చేతులు ఊపమంది. "బండ్లు రోజూ వస్తాయిగా మరి. ఇది కూడా తట్టుకోవాలి," అంది. తప్పు పట్టడానికి లేదు.

డీజిల్‌ని వదిలారు. ఇవెట్ ఊపింది. ఆమె చేతికి పంది మాంసం వాసన కూడా ఉన్నట్టుంది, కుక్క రెండడుగులు అటే వేసింది. కుర్చీల్లోంచి "అయ్యో" అని ఒక పెద్ద నిట్టూర్పు.

ఆర్డిత్ లిండ్‌క్విస్ట్, బస్సు నిండా పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టిన మనిషి, వీధి నట్టనడుమ మోకాళ్లు వంచి, మోచేతులు ఎగరేసి, కంకర గోకుతూ రెక్కలు కొట్టింది. ముందు ఒకరు నవ్వారు. తర్వాత అందరూ. ఒకాయన మడతకుర్చీ ఆయనతో పాటే మడతపడింది. "గుడ్డు పెట్టేదాకా ఆపకు ఆర్డీ!" అని ఎవరో అరిచారు. ఆమె ఎవరి వైపూ చూడలేదు. కుక్కనే చూస్తూ ఇంకా గట్టిగా కొట్టింది. ఒకసారి తూలింది కూడా. హార్లన్ వెనకే ఉన్నాడు గానీ పట్టుకోలేదు. పట్టుకుంటే తిడుతుందని తెలుసు.

డీజిల్ వెనక్కి తిరిగింది. చూసింది. ఇవెట్‌నీ, మాంసం వాసననీ వదిలేసి, నాలుక పక్కకి వేలాడేసుకుని, ఆర్డిత్ వైపు బాణంలా వచ్చింది.

"సరే సరే, అయిపోయింది!" లవాన్ కళ్లు తుడుచుకుంటూ విజిల్ ఊదింది. "ఉండనిస్తున్నాం. ఇంక ఆపు తల్లీ, చూడలేక చస్తున్నా!"

"అది ఇంకా కూర్చోలేదు," అని రొప్పుతూ, ఆర్డిత్ రెక్కలు కొడుతూనే ఉంది.