బంగారు గనిలో రెండో షిఫ్టు

యుద్ధం ఆటల్లో నన్ను మించినవాళ్ళు జనగామలో మా డిగ్రీ కాలేజీలో ఎవరూ లేరు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ మాట తగ్గించి చెప్పను. తుపాకీ పట్టుకుని పరుగెత్తే ఆటల గురించి కాదు నేను చెప్పేది. కంప్యూటర్లో మనకొక రాజ్యం ఇస్తారు. కూలీల చేత కట్టెలు కొట్టించాలి, పొలం దున్నించాలి, గనిలో బంగారం తవ్వించాలి, ఆ బంగారంతో సైన్యాన్ని పెంచి ఎదుటివాళ్ళ కోట పడగొట్టాలి. అన్నీ ఒకేసారి జరుగుతుంటాయి. మనం ఆలోచించుకునేదాకా ఎదుటివాళ్ళు ఆగరు. మిగతావాళ్ళు సైన్యాన్ని చూసుకుని కూలీలను వాళ్ళ మానాన వదిలేసేవాళ్ళు. నాకలా కుదిరేది కాదు. ఒక్క కూలీ గొడ్డలి భుజాన వేసుకుని ఊరికే నిలబడ్డా నా ప్రాణం ఊరుకునేది కాదు. వందమంది ఉంటే వందమందినీ నేనే కదిలించాలి.

ఆ రోగం ముదిరింది. గంట దాటేసరికి కుడి మణికట్టు బిగుసుకుపోయేది. అన్నం ముందు కూర్చుంటే ఏ మూల గోడ కట్టలేదో గుర్తొచ్చేది. హాస్టల్లో ఎవరైనా ప్రేమగా పలకరించినా కసురుకునేదాన్ని. ఇష్టంగా మొదలుపెట్టిన ఆటే, దాని ముందు కూర్చోవాలనే అనిపించేది కాదు. అయినా కూర్చునేదాన్ని. చివరికి ఒకరోజు మా క్లాసు అబ్బాయిలిద్దరితో పోటీ పడి, గెలుస్తున్న ఆటలో, ఏ దిక్కు చూడాలో తెలియక ఏడుపు ముంచుకొచ్చి కంప్యూటర్ స్విచ్చి ఆపేశాను. వాళ్ళు ఊరుకుంటారా? ఆమెను ఓడించే పనే లేదు, గంటసేపు ఆగితే ఆమే ఆగమైతదని కాలేజీ అంతా చెప్పుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. అంతకంటే ఎక్కువ భయం వేసింది, ఎందుకంటే వాళ్ళు చెప్పింది నిజం. మళ్ళీ ఆడదాం, ఈసారి నేనూ జంటతో వస్తానన్నాను.

ఇంతలో తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. కాలేజీ మూతపడింది. రైలు దొరికిన రోజు నేను మానుకోటకు వచ్చేశాను. మహబూబాబాద్ అనేది బోర్డుల మీద పేరు, మా నోటికి అది మానుకోటే. అక్కడ మా మేనమామకు ఆరు కంప్యూటర్ల నెట్ సెంటర్ ఉంది. నాకు జంటగా ఆడాల్సిన స్నేహితురాలిది లింగాల ఘనపూర్. బస్సులు బందయ్యాక వాళ్ళ నాయిన ఆమెను గడప దాటనివ్వలేదు. పోటీ ఆదివారం, వాళ్ళు జనగామ నుంచి, మేం ఇక్కడి నుంచి, నెట్ మీద. గురువారానికి నాకు జంట లేదు.

ఆ గురువారమే భూపాలపల్లి నుంచి బాపు, అమ్మను బండి మీద వెనక కూర్చోబెట్టుకుని వచ్చాడు. బాపు బొగ్గుబాయిలో సర్దారు. అంటే భూమి లోపల ఒక షిఫ్టుకు పెద్ద. పైకప్పు గట్టిగా ఉందా, గ్యాసు ఏమైనా ఉందా చూసి, మనుషులను పనిలో పెట్టి, దిగినవాళ్ళందరూ పైకి వచ్చేదాకా పూచీ ఆయనదే. బాయి పనివాళ్ళు కూడా సమ్మెలో ఉన్నారు. ఏళ్ళ తరబడి సైరన్ మోతకు లేచిన మనిషికి ఖాళీగా కూర్చోవడం చేతకాలేదు. మామ ఇంట్లో కారుతున్న నల్లాలన్నీ బిగించాడు, ఊగే తలుపులు సరిచేశాడు, ఇక ఏమీ దొరక్క నెట్ సెంటర్‌కు వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. గనిలోకి దిగుతున్న బొమ్మ కూలీలను కాసేపు చూసి, వీళ్ళ సర్దారు ఎవరని అడిగాడు. నేనే అన్నాను.

ఆ ఆటలో ఒకే రాజ్యాన్ని ఇద్దరు చెరో కంప్యూటర్ ముందు కూర్చుని నడపొచ్చు. గతిలేక బాపునే జంటగా తీసుకున్నాను. గని, పొలాలు, గోడలు నీకు, యుద్ధం నాకు అని పంచాను. బాపు ఎడమ చేతికి చివరి రెండు వేళ్ళు లేవు, నా చిన్నప్పుడు బాయిలో పోయాయి. మిగిలిన మూడింటితోనే కీబోర్డు నేర్చుకున్నాడు. కూలీలను గుంపులుగా చేసి ఒక్కో గుంపుకు ఒక్కో అంకె పెట్టొచ్చని చెబితే మూడే మూడు గుంపులు చేశాడు.

ఆ మూడు ఏమిటో శుక్రవారం తెలిసింది. బంగారం నిండుగా వస్తున్న వేళ గనిలోని కూలీలందరూ ఒక్కసారిగా పని ఆపి కోట వైపు నడవడం మొదలుపెట్టారు. ఇంకో గుంపు గని వైపు పోతోంది. శత్రువులు పడ్డారేమో అనుకుని తెర అంతా వెతికాను. ఏమైందని అడిగితే, షిఫ్టు మారింది బిడ్డా అన్నాడు బాపు, చాలా మామూలుగా. మొదటి గుంపు తవ్వింది, రెండోది దిగుతోంది, మూడోది ఇంటి దగ్గర ఉంది. ఆ ఆటను లోకంలో ఎంతమంది ఆడారో నాకు తెలియదు గానీ, బొమ్మ కూలీలకు విశ్రాంతి ఇచ్చినవాడు మా బాపు ఒక్కడే అయి ఉంటాడు.

వాళ్ళు అలసిపోరు బాపూ, ఉత్త బొమ్మలు అని అరిచాను. ఒకే రాజ్యం కాబట్టి నా కంప్యూటర్ నుంచి కూడా కూలీలను కదిలించొచ్చు. మొదటి గుంపును మళ్ళీ గనిలోకి తోలాను. ఆయన బయటికి పిలిచాడు. నేను లోపలికి తోలాను. పాపం ఆ బొమ్మలు మధ్యదారిలో అటూ ఇటూ తిరిగాయి. ఆ ఊపులో ఆయన దున్నిస్తున్న పొలాలు కూడా నేనే తీసుకున్నాను, కట్టిస్తున్న గోడ ఆపించి ఇంకోచోట మొదలుపెట్టించాను. నీకు తెల్వది బాపు, నువ్వు ఊకో అని నోరు కూడా పారేసుకున్నాను. బాపు లేచి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అరగంటకే నా మణికట్టు బిగుసుకుపోయింది. మౌస్ మీద నుంచి చేయి తీయాలంటే రెండో చేత్తో పట్టుకుని లాగాల్సి వచ్చింది.

బాపు తహసీల్ ఆఫీసు ముందు రిలే దీక్షా శిబిరంలో ఉన్నాడని మామ చెప్పాడు. ఆ శిబిరంలో రోజుకొక పనివాళ్ళు కూర్చునేవాళ్ళు. ముందురోజు ఆటోలవాళ్ళు, ఆ రోజు దర్జీలు. బాపు టెంటు చివర కూర్చుని ఉన్నాడు. తప్పయిందని చెప్పడం నాకు పుట్టుకతో రాదు. పక్కన కూర్చుని, గని నీకే ఇచ్చిన కదా, ఎందుకు లేచొచ్చినవ్ అని నిలదీశాను.

"ఇచ్చినవా?" అన్నాడు బాపు. "ఛార్జి ఇచ్చినంక గూడ నువ్వే చేస్తే, గది ఇచ్చినట్టు గాదు బిడ్డా."

బాయిలో షిఫ్టు మారేటప్పుడు ఏం చేస్తారో చెప్పాడు. పోయే సర్దారు వచ్చే సర్దారుకు ఎదురుగా నిలబడతాడు. కప్పు ఎక్కడ బాగాలేదు, నీళ్ళు ఎక్కడ ఊరుతున్నాయి, మనుషులు ఎంతమంది అని మూడు మాటలు చెబుతాడు. వచ్చినవాడు తీసుకున్న అంటాడు. అంతే, పోయేవాడు పైకి ఎక్కుతాడు, మళ్ళీ వెనక్కి తిరిగి చూడడు. చూస్తే వచ్చినవాణ్ని నమ్మలేదని అర్థం.

తర్వాత ఎడమ చేయి ఎత్తి చూపించాడు. రాయి పడి వేళ్ళు పోయాయని మాత్రమే ఇంట్లో మాకు తెలుసు. కొత్తగా సర్దారైన రోజుల్లో బాపు ఎవరినీ నమ్మేవాడు కాదట. కప్పుకు ఆసరాగా నిలబెట్టిన ప్రతి దిమ్మెనూ తానే తట్టి చూడాలి, ప్రతి మనిషి పనిలోనూ వేలు పెట్టాలి. తన షిఫ్టు అయిపోయాక కూడా ఆగి, వచ్చిన సర్దారు వెంట తిరిగేవాడట.

"అందరి నెత్తి మీది కప్పు చూసిన," అన్నాడు. "నా నెత్తి మీదిది చూసెతందుకు పానంల సత్తువ లేకపాయె. బొమ్మలు అలసిపోవంటివి, సరే. మరి నువ్వు?"

సిగ్గేసింది. బిగుసుకుపోయిన నా చేయి ఆయన చేయి పక్కనే ఉంది, దాన్ని చున్నీ కింద దాచుకున్నాను.

శనివారం నా తెర మీద గని కనిపించే మూలకు అట్టముక్క అతికించాను. నన్ను నేను అంతకంటే నమ్మలేదు. చేయి దురద పెట్టినట్టుండేది, మూడుసార్లు అట్ట అంచు గోరుతో లేపి మళ్ళీ అదిమాను. సాయంత్రానికి బంగారం నేను అనుకున్నదానికంటే తక్కువే వచ్చింది. ఆ తక్కువే నా సైన్యానికి సరిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం ఆట మొదలైంది. జనగామ అబ్బాయిలు బాగానే ఆడతారు, కాదనను. ఆట సగంలో మా ఉత్తరం గోడ మీద పడ్డారు. అప్పుడు బాపు ఇంటి దగ్గర ఉంచిన మూడో షిఫ్టు కూలీలు క్షణంలో గోడ దగ్గరికి చేరి మరమ్మతు చేశారు. అందరూ గనిలోనే ఉంటే కోట అప్పుడే పోయేది. ఆ మాట పైకే అన్నాను, బాపు వినాలని. గడియారం చూస్తే గంట ఎప్పుడో దాటింది. మణికట్టు మామూలుగా ఉంది.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. బొగ్గు తవ్వేవాళ్ళు లేక ఆ రోజుల్లో కరెంటు ఎప్పుడు పోతుందో, ఆ బొగ్గుతో కరెంటు తీసే చెల్పూరు ప్లాంటు ఎన్నాళ్ళు నడుస్తుందో ఎవరికీ తెలియదు. యూపీఎస్ కూతపెడుతుంటే ఆటను దాచుకుని ఆపేశాం. వెంటనే జనగామ నుంచి ఫోను, మళ్ళీ స్విచ్చి పీకినవా అని నవ్వుతూ. పీకలేదు, మా బాపు బాయి బంద్ పెట్టిండు, అందుకే కరెంటు లేదు, వచ్చినంక ఆగిన కాన్నుంచే ఆడుదాం అన్నాను. బాపు పొట్ట పట్టుకుని నవ్వాడు. సమ్మె గట్టిగానే ఉన్నట్టుంది అన్నాడు.

పొద్దు వాలుతుండగా కరెంటు వచ్చింది. కానీ ఆ సాయంత్రం శిబిరం దగ్గర ఆడవాళ్ళ వంతు. రోడ్డు మీద వంటావార్పు, తర్వాత బతుకమ్మ. నేనూ పేరు ఇచ్చాను. అమ్మ తలుపు దగ్గర నిలబడి పిలుస్తోంది, జనగామ నుంచి ఫోను మోగుతోంది. మునుపైతే అమ్మను కసిరి పంపేదాన్ని. నేను లేచిపోయాక ఇక్కడ ఓడితే, ఆమె మళ్ళీ పారిపోయిందని కాలేజీలో చెప్పుకుంటారని నాకు బాగా తెలుసు.

లేచి బాపుకు ఎదురుగా నిలబడ్డాను.

"ఉత్తరం గోడ బలంగ లేదు. మన గుర్రాలు నది అవతల ఉన్నయి. కూలీలు తొంభై మంది."

"తీసుకున్న," అన్నాడు బాపు.

బయటికి నడిచాను. శిబిరం వంద అడుగుల దూరమే, ఆ వంద అడుగులూ మెడ వెనక్కి తిరుగుతానని మొండికేసింది. తిరగనివ్వలేదు. బతుకమ్మల చుట్టూ చప్పట్లు కొడుతూ మొదట రెండు చుట్లు తప్పుగా వేశాను, పక్కనున్న అక్క మోచేత్తో పొడిచింది. మూడో చుట్టుకు పాట అందుకున్నాను. గుర్రాలు ఎటు పోయాయో మర్చిపోయాను. ఎన్ని నెలలయిందో తల అంత హాయిగా ఉండి.

పాట ఆగాక చూస్తే బాపు టెంటు పక్కన నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు, నన్ను పిలవలేదు. నేను దగ్గరికి వెళ్ళాక ఎదురుగా నిటారుగా నిలబడి చెప్పాడు.

"ఉత్తరం గోడ పోయింది. కూలీలు తొంభై మంది మంచిగున్నరు. జనగామోళ్ళు ఓడినమని ఆట ఇడిసిపెట్టిండ్రు."

గోడ ఎప్పుడు పోయింది, గుర్రాలను ఎటు నుంచి తెచ్చావు, వాళ్ళు ఎందుకు విడిచిపెట్టారు, బంగారం ఎంత మిగిలింది, వంద ప్రశ్నలు నా నాలుక చివరిదాకా వచ్చాయి. అన్నీ మింగేశాను.

"తిన్నవా బాపు?"

లేదన్నాడు. నీ షిఫ్టు అయిపోయింది, రా అని, మూడు వేళ్ళున్న ఆ చేయి పట్టుకుని వంట గిన్నెల దగ్గరికి తీసుకుపోయాను.