రియాద్ బేరానికి వెళ్లిన కోరుట్ల భుజం

యాభై దగ్గర పడుతుండగా మా ఆయనకు బేస్‌బాల్ పట్టుకుంది. ఆ వయసులో కొందరికి షుగరు పట్టుకుంటుంది. దానికైతే మందులున్నాయి.

మా ఆయన సుధాకర్ సౌదీలో, రాస్ తనూరాలో ఒక కాంట్రాక్టు కంపెనీలో ప్లానింగ్ ఇంజినీరు. ఆఫీసులో అమెరికన్లూ ఫిలిప్పీనోలూ కలిసి శుక్రవారాలు ఆడుకుంటుంటే చూడటానికి వెళ్లేవారు. మొదట చూశారు, తర్వాత లెక్కలు రాశారు, ఆ తర్వాత ఇంట్లో నాకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. ఆటగాడి విలువను ఎలా కట్టాలో నాకిప్పుడు తెలుసు. పదకొండేళ్లుగా ఖోబర్‌లో ఒక ఆసుపత్రి ఎముకల విభాగంలో నర్సుగా చేస్తున్నాను. నా విలువ ఎంతో మాత్రం ఆయన ఎప్పుడూ కట్టి చూపలేదు.

ఒక శుక్రవారం ఎవరో కొట్టిన బంతి వెళ్లి పక్క భవనం డాబా మీద పడిందట. అక్కడ ఏసీ బాగుచేస్తున్న మనిషి దాన్ని తీసి, డాబా మీద నుంచే విసిరాడట. అది మైదానం అంతా దాటి వచ్చి బంతి పట్టేవాడి గ్లౌజులో పడింది. ఆ మనిషి పేరు మల్లేష్, ఊరు కోరుట్ల. అతను మెట్లు దిగి కిందికి వచ్చేలోగా మా ఆయన అతని ఏజెంటైపోయారు. వారంలో విజిటింగ్ కార్డులు కూడా వచ్చాయి. కార్డు మీద ఆయన పేరు కింద 'క్రీడాకారుల ప్రతినిధి' అని ఇంగ్లీషులో ఉంది. క్రీడాకారులు మొత్తం ఒక్కరు.

రియాద్‌లో ఆడే ఒక జట్టుకు మంచి పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు, కావాల్సి వచ్చింది. జట్టు మేనేజరు రోడెల్ అనే ఫిలిప్పీనో ఒక మెయింటెనెన్స్ కంపెనీలో పెద్ద హోదాలో ఉన్నాడు. నచ్చినవాడు దొరికితే తన కంపెనీకి స్పాన్సర్‌షిప్ ట్రాన్స్‌ఫర్ చేయించి, స్టోర్ కీపర్ ఉద్యోగం ఇస్తానన్నాడు. మల్లేష్‌కు నీడపట్టున పని. మా ఆయనకు ఆ జట్టు కమిటీలో గౌరవ సలహాదారు కుర్చీ. డబ్బు ముట్టుకోనని ముందే ప్రకటించారు. కుర్చీ సంగతి మాత్రం రెండు నెలలుగా ఇంట్లో రోజూ వింటున్నాను.

ఆయనకు తెలియనిది ఒకటుంది. ఈ ప్రయాణానికి పది రోజుల ముందు మల్లేష్ మా ఆసుపత్రికి వచ్చాడు. నిచ్చెన మీదుగా కంప్రెసర్ మోస్తుంటే కుడి భుజంలో ఏదో పటుక్కుమందట. స్కానింగులో లోపలి కండరం కొంత చిరిగినట్టు తేలింది. చెయ్యి తల పైకి ఎత్తొద్దు, బరువులు మొయ్యొద్దు, తేలిక పని ఇవ్వాలి అని డాక్టరు కంపెనీకి ఉత్తరం రాశారు. మల్లేష్ దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "కంపెనీకి జూపిస్తే ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఇంటికి తోలుతరు అక్కా. ఎవలికి చెప్పకు" అన్నాడు. రోగి రహస్యం నర్సు బయటపెట్టకూడదు. నేను సరేనన్నాను.

ఆ తర్వాత మూడో రోజున మా ఆయన తన ఆటగాణ్ణి భోజనానికి ఇంటికి తీసుకొచ్చారు. నేనూ మల్లేషూ అప్పుడే మొదటిసారి చూసుకున్నట్టు నమస్కారాలు పెట్టుకున్నాం. అతను అన్నం ఎడమ చేత్తో వడ్డించుకుంటుంటే మా ఆయన మురిసిపోయి, "చూశావా రత్నం, కుడి చెయ్యి ఎంత జాగ్రత్తగా చూసుకుంటున్నాడో" అన్నారు.

అందుకే నేనూ బయలుదేరాను. రియాద్ చూడాలని ఉందని చెప్పాను. అది కూడా అబద్ధం కాదు.

శుక్రవారం పొద్దున్న ఆరున్నరకు ఖోబర్ అజీజియాలో మా ఇంటి నుంచి టాక్సీ ఎక్కి, అరగంటకు పైగా పట్టి దమ్మాం రైల్వే స్టేషనుకు చేరాం. వెళ్లాలనుకునేవారికి ఒక మాట. టికెట్టు ముందుగానే ఫోనులో కొనుక్కోండి, ఇకామా, అంటే ఇక్కడి నివాస కార్డు, చేతిలో ఉంచుకోండి, పొద్దుటి బండిలో ఎడమ వైపు కూర్చోకండి. రియాద్ దాకా ఎండ మీతోనే ప్రయాణం చేస్తుంది. మా టికెట్లు కొన్నది మా ఆయన కాబట్టి మాకు ఎడమ వైపు వచ్చింది.

మాతో నాలుగో మనిషి జున్. మా ఆయన ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్, ఫిలిప్పీనో, చిన్నప్పటి నుంచి బేస్‌బాల్ పిచ్చి. బండి కదిలిన ఐదు నిమిషాలకే ఇద్దరూ ఇంగ్లీషులో మొదలుపెట్టారు. మనిషిని అంకెలతోనే తూచాలని జున్, ఒత్తిడిలో ఎలా నిలబడతాడో అంకెలు చెప్పవని మా ఆయన. మల్లేష్ వాళ్లిద్దరి మధ్య సీట్లో కూర్చుని కిటికీలోంచి ఇసుక చూస్తున్నాడు. సంతలో బేరం నడుస్తుంటే గేదె కూడా అంతే ప్రశాంతంగా ఉంటుంది.

అబ్‌ఖైక్ దాటాక వాదం ఏజెంట్ల మీదకు మళ్లింది.

"ఏజెంట్లు వచ్చాకే ఆట పాడైంది. ఆటగాడికి లేని విలువ కల్పిస్తారు, ఉన్న లోపం దాస్తారు" అన్నాడు జున్.

"ఏజెంటు లేకపోతే ఆటగాణ్ణి క్లబ్బులు నమిలేస్తాయి. మాట్లాడటం రానివాడి తరఫున మాట్లాడేవాడొకడు ఉండాలి" అన్నారు మా ఆయన.

ఆయన మాటల్లో అది మంచి మాట. కానీ ఆ నోటితోనే మల్లేష్ వయసు ఇరవై ఆరని రియాద్‌కు రాశారు. ఇకామాలో ముప్పై ఒకటి. కాలేజీ రోజుల్లో రాష్ట్రస్థాయి జావెలిన్ ఆటగాడని కూడా రాశారు. మల్లేష్ కాలేజీ గేటు చూసింది దాని పక్కన వెల్డింగు షాపులో పనిచేసినప్పుడే.

నడవకు అవతల సీట్లో ఒక పెద్దాయన, పాకిస్తానీ ట్రక్కు డ్రైవరు, ఇదంతా శ్రద్ధగా వింటున్నాడు. మా ఆయనను ఉర్దూలో అడిగాడు, బంతి ఎవరు విసురుతారని. మల్లేష్‌ను చూపించారు. మరి మీరేం విసురుతారు అన్నాడు. "నేను ఏజెంటును" అన్నారు మా ఆయన. పెద్దాయన తలపంకించి, "అచ్ఛా, సమఝ్ గయా. నన్ను ఇక్కడికి పంపినవాడు కూడా ఏమీ విసరలేదు" అని కళ్లు మూసుకున్నాడు.

హుఫూఫ్ దగ్గర ఖర్జూరం తోటలు కనిపించాయి. నేను నిమ్మకాయ పులిహోర, కోడిగుడ్డు వేపుడు పంచాను. జున్ పులిహోర రెండుసార్లు పెట్టించుకున్నాడు. దాని విలువ అంకెల్లో చెప్పమంటే నవ్వాడు. ఆ తర్వాత కిటికీలో ఇసుక రంగు ఎర్రబడటం తప్ప చెప్పుకోవాల్సిందేమీ లేదు.

పన్నెండు దాటాక రియాద్‌లో దిగాం. శుక్రవారం నమాజు వేళ కాబట్టి అంతటా షట్టర్లు దించి ఉన్నాయి. బత్‌హా అనే పేటలో ముందే మాట్లాడుకున్న చిన్న హోటల్లో సామాను పడేసి, ఒంటిగంటన్నరకు తెరిచిన మెస్‌లో పప్పుచారూ చేపల వేపుడూ తిన్నాం. బాగుంది, పప్పుచారులో ఉప్పు తప్ప.

నాలుగింటికి మైదానం. ఊరి చివర, కంచె వేసిన మట్టి నేల. చూడటానికి ముప్పైమంది దాకా వచ్చారు. ఎక్కువమంది ఫిలిప్పీనోలు, కొందరు జపానువాళ్లు, ఇద్దరు అమెరికన్లు. రోడెల్ పొట్టిగా, గట్టిగా, తక్కువ మాటల మనిషి. మా ఆయన కార్డు అందుకుని, చదవకుండా జేబులో వేసుకున్నాడు.

మల్లేష్ మొదటి బంతి విసిరాడు. ఇన్ని పాఠాలు విన్నా నాకు ఆట తెలియదు గానీ గ్లౌజులో పడిన చప్పుడు తెలిసింది. వేగం కొలిచే పరికరం పట్టుకున్న కుర్రవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రెండు, మూడు, ఐదు. జనంలో వేలంపాట మొదలైంది. ఇతను మూడేళ్లు ఆడగలడని ఒక అమెరికన్, రెండేళ్లేనని జపానాయన, ఇతని కోసం మన పాత పిచ్చర్‌ను వదులుకోవచ్చా అని ఇంకెవరో. పాత పిచ్చర్ అక్కడే నిలబడి ఉన్నాడు. అతని గురించి అతని ముందే మాట్లాడుతున్నారన్న పట్టింపు ఎవరికీ లేదు, అతనికి తప్ప.

ఏడో బంతి తర్వాత మల్లేష్ మోచేయి కిందికి దిగింది. పెదవి పంటికింద పెట్టుకున్నాడు. మా ఆయన చప్పట్లు కొడుతున్నారు. రోడెల్ ఇంకో పదిహేను విసరమన్నాడు.

మల్లేష్ నీళ్లు తాగడానికని నా దగ్గరికి వచ్చాడు. సీసా ఎడమ చేత్తో అందుకున్నాడు.

"అక్కా, ఇంకో పదిహేను ఏస్తే ఏమైతది?"

"ఇప్పుడు కొంచెమే చిరిగింది. పూర్తిగా చిరిగితే దువ్వెన కూడా ఎత్తలేవు."

"ఉద్యోగం వచ్చినంక జెప్తే?"

"అది నువ్వు తేల్చుకోవాలి. నేను చెప్పను, నిన్ను చెప్పమనీ అనను."

అతను సీసా మూత బిగించి నాకిచ్చాడు. పాత పిచ్చర్ వైపు చూశాడు. తర్వాత రోడెల్ దగ్గరికి నడిచి వెళ్లి, వచ్చీరాని ఇంగ్లీషులో, భుజం పాడైందనీ, డాక్టరు వద్దన్నాడనీ చెప్పాడు. వయసు ముప్పై ఒకటని కూడా చెప్పాడు. అది ఎవరూ అడగలేదు.

రోడెల్ జేబులోంచి కార్డు తీసి మొదటిసారి పూర్తిగా చదివి, మా ఆయనకు తిరిగి ఇచ్చేశాడు. మల్లేష్ ఎడమ చేతిని పట్టుకుని, "నువ్వు మంచివాడివి. నాకు కావలసింది పిచ్చర్" అన్నాడు. ఐదు నిమిషాల్లో జనం పలచబడ్డారు. మూడేళ్లు ఆడగలడన్న అమెరికన్ అందరికంటే ముందు వెళ్లిపోయాడు.

తిరుగు టాక్సీలో జున్ ముందు సీటెక్కి, దారి పొడుగునా మీటరు మీది అంకెలే చూశాడు. హోటల్ గదిలోకి వచ్చాక మా ఆయన నా మీద పడ్డారు.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"భార్యాభర్తల మధ్య రహస్యాలేవిటి?"

"భర్తకైతే ఆలోచించేదాన్నేమో. ఏజెంటుకు ఎలా చెబుతానండి?"

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు. నేను కిటికీలోంచి రియాద్ చూశాను. ఎదురు భవనం వెనక గోడ, ఆరు ఏసీ యూనిట్లు. పదకొండేళ్లకు ఇంతే దక్కింది.

శనివారం పొద్దున్న ఎనిమిదింటి తర్వాతి బండికి తిరుగు ప్రయాణం. జున్ వేరే పెట్టెలో సీటు మార్పించుకున్నాడు. ఊరు దాటాక మా ఆయన, మల్లేష్ ముఖం చూడకుండా అడిగారు.

"ఒక్క సంతకం అయ్యేదాకా ఆగలేకపోయావా?"

మల్లేష్ చాలా మెల్లగా చెప్పాడు. "సార్, నేను ఊళ్లె ఉన్నప్పుడు మా ఏజెంటు గిట్లనే అన్నడు. సంతకం పెట్టు, తర్వాత అన్ని సూసుకుందాం అన్నడు. ఏసీ కింద కూసొని చేసే పని అన్నడు. ఈడికొచ్చినంక ఏసీ మీదికెక్కిచ్చిండ్రు. ఆరేండ్ల సంది ఆన్ని తిట్టుకోని దినం లేదు. నిన్న ఆ పాత పిలగాన్ని జూసిన. నేను జెప్పకుంట ఆని జాగ గుంజుకుంటే, రేపు వాడు నన్ను గట్లనే తిట్టుకుంటడు గద."

హుఫూఫ్‌లో బండి ఆగి, కదిలాక, మా ఆయన డాక్టరు రాసిచ్చిన కాగితం ఏదైనా ఉంటే ఇవ్వమన్నారు. మల్లేష్ ఇవ్వలేదు. కంపెనీకి తెలిస్తే పంపేస్తారన్నాడు.

"పనిలో తగిలిన దెబ్బ. రాతలో ఉంటే పంపడం అంత తేలిక కాదు. దాచిపెడితేనే తేలిక. ఇలా తే" అన్నారు.

నాలుగు మడతలూ విప్పి రెండుసార్లు చదివారు. ఏ తేదీన, ఏ సైటులో, ఎవరి ముందు దెబ్బ తగిలిందో మల్లేష్‌ను అడిగి ఒక్కొక్కటే రాసుకున్నారు. తర్వాత ఆ కంపెనీలో సిబ్బంది వ్యవహారాలు చూసేవాడికి ఫోను చేశారు. శనివారం వాళ్లకు పనిదినమే. పాత ప్రాజెక్టులో పరిచయమున్న కేరళ మనిషి. ఇరవై నిమిషాలు ఇంగ్లీషులో, గొంతు పెంచకుండా మాట్లాడారు. ప్రమాదం రిపోర్టు ఎందుకు రాయలేదు, నిచ్చెన మీద అంత బరువు ఒక్కడితో ఎలా మోయించారు, ఇన్సూరెన్సు ఎవరు చూస్తారు. ఆదివారం ఉత్తరం తీసుకుని తానే వస్తానన్నారు. వైద్యం పూర్తయ్యేదాకా మల్లేష్‌ను వర్క్‌షాపులో స్పేర్‌పార్టుల దగ్గర కూర్చోబెట్టడానికి అవతలి మనిషి చివరికి ఒప్పుకున్నాడు. చెప్పిన మాట నిలబెట్టుకున్నాడు కూడా. మల్లేష్ ఇప్పటికీ అక్కడే ఉన్నాడు, వ్యాయామానికి వారానికి రెండుసార్లు మా ఆసుపత్రికి వస్తున్నాడు.

రియాద్ ఎలా ఉందని అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే. రైలు శుభ్రంగా ఉంటుంది, వేళకు వెళ్తుంది, సీటు విషయంలో మగవాళ్లను నమ్మొద్దు. పోయిన పని పాడైంది, తిరిగొచ్చేటప్పుడు వేరే పని అయింది. రెండు రోజుల్లో మా ఆయన చేసిన ఏజెంటు పని ఆ ఇరవై నిమిషాలే అనుకుంటాను.

ఆ రోజు రైల్లో ఫోను పెట్టబోతుంటే అవతలి మనిషి, ఇంత పట్టుగా అడుగుతున్నారు, ఈ మల్లేష్ మీకేమవుతాడని అడిగాడు. నాకు వినిపించింది. మా ఆయన ఒక్క క్షణం కిటికీ వైపు చూశారు.

"మాది పక్కపక్క ఇళ్లే. చిన్నప్పటి నుంచీ తెలుసు" అన్నారు.

మా ఆయనది రాజోలు. కోరుట్ల ఏ దిక్కున ఉందో కూడా ఆయనకు తెలియదు. మల్లేష్ నా వైపు చూశాడు. నేను మిగిలిన పులిహోర డబ్బా మూత తీశాను.